రాహుకాలానికి ముందు పెట్టిన బొట్టు

మొన్న మైత్రీవనం దగ్గర నడుస్తుంటే ఒక కోచింగ్ సెంటర్ షట్టరుకి ఆకుపచ్చ రంగు వేస్తున్నారు. సగం ఫుట్‌పాత్ వాళ్ల డబ్బాలే. ఎనామిల్ వాసన గుప్పున కొట్టింది. హాస్టల్ అమ్మాయిలు ముక్కులు మూసుకుని గబగబా దాటేశారు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "ఆంటీ, జర జరగుండ్రి" అనేదాకా కదల్లేదు. ఆ వాసన తగిలితే చాలు, మా బాల్కనీ గ్రిల్లుకి తాడుతో వేలాడదీసిన సైకిలు ఫ్రేమూ, దాని ముందు గొంతు చించుకుని అరుస్తున్న నేనూ కళ్లముందుకి వస్తాం.

ఆ సైకిలు మా మామగారిది. ఉద్యోగం చేసినన్నాళ్లూ అమీర్‌పేటలో ఇంటి నుంచి పంజాగుట్టలో ఆఫీసుకి దాని మీదే వెళ్లేవారట. అప్పటికి ఫ్లైఓవరూ లేదు, మెట్రో అన్న మాటా లేదు. ఆయన పోయాక అది మా బాల్కనీలో చేరి, తుప్పు పట్టి, ఉల్లిపాయల సంచీ తగిలించుకునే కొయ్యగా స్థిరపడింది. ఉన్నమాట చెప్పాలంటే నాకు దాని మీద ప్రేమేమీ లేదు. ఏ చీర ఆరేసినా ఓ తుప్పు మరక అంటించి గానీ వదిలేది కాదు. మా ఆయన దాన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. అడ్డుపడేది అత్తయ్యగారే. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కొడుకు ఆ మాట ఎత్తగానే కుర్చీ ఈడ్చుకెళ్లి సైకిలు పక్కన వేసుకుని కూర్చునేవారు. ఆ పూటకి అదే సమ్మె.

ఆ ఏడు దసరాకి వారం ముందు మా ఆయన తేల్చి చెప్పేశారు. "ఆయుధపూజలో నా స్కూటరు పక్కన ఈ తుప్పు పెట్టడం ఇదే ఆఖరు. పండగ మర్నాడు ఇచ్చేస్తున్నా. అమ్మా, నువ్వు కుర్చీ వేసుకున్నా లాభం లేదు." అత్తయ్యగారు అన్నంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. నాకు ఒళ్లు మండింది. "పూజ వేళకి కొత్తదానిలా చేసి పెడితే ఉంచుతారా?" అన్నాను. "ఉంచుతా. ఒక్క మచ్చ కనపడినా ఒప్పుకోను" అని నవ్వారు. ఆ నవ్వు చూశాక ఇక వెనక్కి తగ్గుతానా!

కింద వాటాలో ఉండే, మేం అన్న అని పిలిచే ఆయన, బస్సులకి రంగులేసి రిటైరైన మనిషి. ఆయనే చక్రాలూ, సీటూ విప్పి, ఫ్రేము వేలాడదీసి, పని చెప్పాడు. మూడు రోజులు ఉప్పుకాగితంతో రుద్దాను. గోళ్లు అరిగాయి, కూరలో కూడా తుప్పు వాసనే. అత్తయ్యగారు పక్కన కూర్చుని, చూపు సరిగా ఆనకపోయినా, తడిమి తడిమి "ఇక్కడింకా గరుగ్గా ఉంది అమ్మాయ్" అని చెప్పేవారు. రంగుకి ముందు వేసే అస్తరు పూసిన రోజున వాన మొదలైంది. ఇక అది ఆరదే! "ఫికర్ చెయ్యకు అక్కా. గీ ముసురుకు ఎండుడు కష్టమే గని, ముట్టకుంటే ఎండుతది" అన్నాడు అన్న. ఆకుపచ్చ రంగు చివరి పూత పండగ రోజు పొద్దున్న గానీ వేయలేకపోయాను. టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి, గడియారం వైపు, ఆకాశం వైపు చూస్తూ గారెలు వండాను. సాయంత్రం ఏడింటికి పూజ. మా ఆయన పనిచేసే చోట పండగ సెలవు లేదు, ఆరున్నరకి వచ్చేస్తారు.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా వంటింట్లోంచి వచ్చి చూద్దును కదా, అత్తయ్యగారు పసుపు కుంకుమల పళ్లెంతో ఫ్రేము ముందు నిలబడి ఉన్నారు. హ్యాండిల్ కింది గొట్టం మీద, సరిగ్గా అందరి కళ్లూ పడేచోట, బొటనవేలంత బొట్టు. పచ్చి రంగు ముడతలు పడి, మధ్యలో వేలిముద్ర దిగబడిపోయి ఉంది. చుట్టూ పసుపు.

"ఏం చేశారండీ ఇది!" అని అరిచాను. ఇంకా ఏమేమో అన్నాను. కళ్లు కనపడనప్పుడు ఓ మూల కూర్చోవచ్చు కదా అని కూడా అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆవిడ పళ్లెం గుండెలకి ఆనించుకుని, "మూడింటికి రాహుకాలం వచ్చేస్తుంది కదమ్మా, కొత్తరంగు వేసిన బండికి ఈలోపే బొట్టు పడితే మంచిదని..." అని ఆగిపోయారు. అరుపులకి కింద అన్న పరుగున వచ్చాడు. చూసి, "ఉండనియ్యి అక్కా, పెద్దమ్మ పెట్టిన బొట్టే గదా. గట్లనే ఎండనియ్యి, ఏమైతది?" అన్నాడు. నేను వింటేనా! మచ్చ కనపడితే సైకిలు పోతుంది, అదొక్కటే నా బుర్రలో. థిన్నర్‌లో గుడ్డ ముంచి ఆ బొట్టు తుడిచేశాను. రుద్ది, నునుపు చేసి, మళ్లీ పూత వేసి, ఫ్యాను ఇంకా దగ్గరికి జరిపాను. ఆవిడ తన వేలికంటిన ఆకుపచ్చని కొంగుతో తుడుచుకుంటూ లోపలికి వెళ్లారు.

అన్న ఆ చోటు తగలకుండా చక్రాలు బిగిస్తుండగానే ఫోన్. "పంజాగుట్టలో మెట్రో ఎక్కుతున్నా." ఇంక ఒక్కటే స్టేషను. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి సైకిలు చుట్టూ తిరిగారు, వంగి చూశారు, లేచి నిలబడ్డారు. "ఏంటే, నిజంగానే కొత్తదానిలా చేశావు! సరే, ఉంచుదాం" అన్నారు. గెలిచాను. అన్న చప్పట్లు కొట్టాడు.

పూజలో మా ఆయన కుంకుమ పళ్లెం తల్లి ముందుకి జరిపి, "నాన్న సైకిలు, నువ్వే పెట్టమ్మా" అన్నారు. ఆవిడ రెండు చేతులూ కొంగు కింద దాచుకున్నారు. "నాకు కనపడదురా. కోడలు పెడుతుందిలే." ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. భయం ఉంది. నాకు తల కొట్టేసినట్టయింది. రంగు తడి లేని హ్యాండిల్ మీద నేనే బొట్టు పెట్టాను. క్షమించండి అత్తయ్యగారూ అని పండగ అయ్యాక తీరిగ్గా చెబుదామనుకున్నాను. తర్వాత ఆవిడ మామూలుగానే ఉండేసరికి, మర్చిపోయారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మరుసటి దసరాకి ఆవిడ లేరు. సైకిలు ఉంది. హ్యాండిల్ కింద ఆ చోటు ఇప్పటికీ వేలితో తడుముతూ ఉంటాను, నున్నగా జారిపోతుంది. సాయంత్రం ఏడింటితో తీరిపోయే తొందర కోసం, ఎన్నేళ్లయినా ఉండిపోవాల్సిన ఆవిడ వేలిముద్రని నా చేత్తో నేనే తుడిచేసుకున్నాను.