దోనెలో ఎర్ర తువ్వాలు మనిషి

2022 చలికాలం. నేను ఏలూరులో వాటర్ కలర్ బొమ్మలు వేసి బతుకుతున్నవాణ్ని. ఇంట్లో కూర్చుని ఫోటో చూసి వేయడం నాకు గిట్టదు. తెల్లవారుజామునే బండి తీసి కొల్లేరు గట్టుకు పోతాను. ఎదురుగా ఉన్నది చూసి అక్కడికక్కడే వేస్తాను. దీన్ని మా బొమ్మలేసేవాళ్ళు ప్లెనేర్ అంటారు. ఉన్నది ఉన్నట్టు వేస్తానని నలుగురి దగ్గరా గొప్పలు కూడా పోయేవాణ్ని.

అందులో ఒక అబద్ధం ఉంది. పచ్చటి కిక్కిస గడ్డి, బూడిదరంగు నీళ్ళు మాత్రమే ఉంటే బొమ్మ చప్పగా ఉంటుంది. అందుకని చివర్లో దోనెలో ఒక మనిషిని నిలబెట్టి, చేతికి దోనె తోసే గెడ ఇచ్చి, భుజాన ఎర్ర తువ్వాలు వేసేవాణ్ని. మేం దాన్ని ఫిగర్ పెట్టడం అంటాం. ముఖం వేసే బాధ లేకుండా అటు తిప్పి నిలబెట్టేవాణ్ని. కొనేవాళ్ళకు అదే నచ్చేది.

ఆ రోజు మంచు దట్టంగా ఉంది. కాగితం ఎంతకీ ఆరడం లేదు. నీళ్ళ మీద నరమానవుడు లేడు. అలవాటుగా ఫిగర్ పెట్టి కుంచె కడుగుతుంటే వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఉలిక్కిపడి చూశాను. ముప్పై ఏళ్ళావిడ, నా బొమ్మనే చూస్తోంది.

"ఏవండీ, ఈయన మీకెక్కడ కనిపించారండీ?"

"ఎవరమ్మా?"

"మా ఆయనండీ. గెడ ఎడమచేత్తోనే పట్టుకుంటారు. తువ్వాలూ అదేనండీ. వలకని వెళ్ళి నాలుగు నెలలైంది. దోనె దొరికింది, మనిషి దొరకలేదండి."

బొమ్మ చూశాను. గెడ ఎడమచేతిలోనే ఉంది. అలా ఎందుకు వేశానో నాకే తెలియదు. అయినా, లేని మనిషిని వేశానని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చింది. "అదుగో, అటువైపు దూరంగా వెళ్తుంటే చూశానమ్మా" అనేశాను.

వారం తర్వాత వెళ్తే ఆవిడ బావగారు గట్టు మీద నాకోసం కాచుకుని ఉన్నాడు.

"మీరేం చెప్పారో గానీ మాస్టారూ, మా మరదలు నాగమణి రోజూ చీకటితో వచ్చి మొలలోతు నీళ్ళలో నిలబడుతోందండి. తమ్ముడికి కర్మ చేయిద్దామంటే ఒప్పుకోవట్లేదు. ఇలాగైతే ఈవిడా మాకు దక్కదండి."

నా నాలుక కోసేసుకోవాలనిపించింది. అప్పుడూ ఆవిడ నీళ్ళలోనే ఉంది. గట్టు మీదకు పిలిచి, "నేనెవర్నీ చూడలేదు తల్లీ. అబద్ధం చెప్పాను. ఆ మనిషిని పెట్టడం నా అలవాటు" అని ఫోన్లో పాత బొమ్మలు తీసి ఇచ్చాను. ఆవిడ ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. అన్నిట్లోనూ ఎర్ర తువ్వాలే. అన్నిట్లోనూ గెడ ఎడమచేతిలోనే. ఆ సంగతి నేనూ అప్పుడే గమనించాను.

"ఇవన్నీ ఆయనేనండీ" అంది నెమ్మదిగా. "ఒక్కసారి ఇటు తిప్పండి మాస్టారూ. ముఖం చూపించేస్తే బావగారు చెప్పినట్టు వింటాను."

"ఎలా ఉంటారో చెప్పమ్మా మరి."

"నేను చెప్పనండీ. మీ చేతికే తెలుసు కదా."

కొత్త కాగితం పెట్టాను. నీళ్ళూ, దోనే వేసి, మనిషిని ఇటు తిప్పాను. కళ్ళూ ముక్కూ నేను వెతుక్కోకుండానే వచ్చేశాయి. అలాంటి ముఖం ఎక్కడా చూసిన గుర్తు లేదు నాకు. రంగు ఆరకముందే ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గట్టు మీదే కూలబడి భోరున ఏడ్చింది.

"ఈయన కాదండీ" అంది చివరికి. కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "పదండి బావగారూ. కర్మకి చెప్పెయ్యండి."

నాలుగడుగులు వేసి ఆగి, నా వైపు తిరిగింది.

"మరి ఇన్నాళ్ళూ మీ బొమ్మల్లో ఉన్నది ఎవరండీ?"

నేను కుంచెలు సర్దుకుని ఇంటికి వచ్చేశాను. లేని మనిషిని సరదాగా నిలబెట్టినా, అతని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడో ఉంటారని మాత్రం తెలిసింది. ఇప్పుడు దోనె ఖాళీగా ఉంటే ఖాళీగానే వేస్తాను. కొనేవాళ్ళు సణుక్కుంటారు. సణుక్కోనీ.