ఆఖరి కాగితం లేని పుస్తకం

పెద్దమ్మ పోయిందని ఆమె కోడలు, మా వదిన ఫోన్ చేసినప్పుడు నేను గిద్దలూరులో నా జిరాక్స్ దుకాణంలో ఎవరిదో రేషన్ కార్డుకు లామినేషన్ వేస్తున్నాను. పొద్దున పది కూడా కాలేదు. "అత్తమ్మ పోయింది పాపా. టీ తాగి గ్లాసు పక్కన పెట్టింది, అంతే" అంది వదిన. దానికి నేను అడిగిన మొదటి ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "పుస్తకం చదివేసిందా వదినా?" అన్నాను. అవతల వదిన నాకు మతి పోయిందనుకుని ఉంటుంది. ఇవతల మెషీన్లో కార్డు ముడుచుకుపోయి కాలిన వాసన వచ్చింది.

ఆ ప్రశ్న ఎందుకు అడిగానో చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. ఆ పని మీకు అర్థం కావాలంటే పెద్దమ్మ ఎట్లాంటి మనిషో తెలియాలి. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను మొదటినుంచీ పిరికిదాన్నే.

ఆమె మా అమ్మకు అక్క. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసింది. కోసి వచ్చిన రాతి పలకను చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో తట్టి చూడడం ఆమె పని. టంగుమంటే మంచి పలక. టప్పుమంటే లోపల ఎక్కడో బీట ఉన్నట్టు, పక్కన పడేయాలి. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. కుండను తట్టేది, పుచ్చకాయను తట్టేది, మేం అబద్ధం చెబుతున్నామని అనుమానమొస్తే మా నెత్తిన తట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు చెక్క చట్రం వేసిన పలక ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చింది. తరవాత చదివిన ప్రతి నవల గురించీ ఆమె అభిప్రాయం ఆ పలక మీదే రాసింది.

పలకకు ఒక పక్క ప్రేమ నవలలకు, రెండో పక్క మాయల నవలలకు. బలపంతో నొక్కి, అక్షరం అక్షరం విడివిడిగా రాసేది. ఇంకో నవల పూర్తయ్యేదాకా ఆ మాట కిటికీలో ఉండేది. కొత్తది అయిపోగానే పాతది తుడిచేసేది. "నోటుపుస్తకంలో రాసుకోవచ్చు గదా పెద్దమ్మా" అంటే, "ఒకరు కష్టపడి రాసినదాని మీద నా మాట ఎన్నాళ్ళో ఉండగూడదు పిల్లా. రేపు నా మనసు మారితే?" అనేది. అందుకని ఆమె అభిప్రాయాల్లో నాకు గుర్తున్నవే మిగిలాయి.

ఈ రెండేళ్ళలో నేను పార్సిల్లో తెప్పించి ఇచ్చిన నవలల గురించి కొన్ని చెబుతాను. హైదరాబాదులో పెద్ద కంపెనీ నడిపే హీరో, అతని దగ్గర ఉద్యోగానికి వచ్చిన పేదింటి పిల్ల, ఒక ప్రేమ నవల. నాకు బాగా నచ్చింది, ఒక్క పూటలో చదివేశాను. పెద్దమ్మ పలక మీద ఇట్లా ఉంది: "హీరో ఎనిమిది చోట్ల పళ్ళు నూరినాడు. పెళ్ళయినాక అన్నం దేంతో నములుతాడు?" సరస్సు కింద రాజ్యం, రెక్కల సైన్యం ఉన్న ఇంకో నవలకు: "ఇంతమంది రాజులుండారు, సేద్యం చేసేవాడు ఒక్కడూ లేడు. నమ్మలేదు." రాళ్ళతో మాట్లాడే పిల్ల కథ నాకు విసుగు పుట్టించింది, సగంలో వదిలేశాను. ఆమె మాత్రం పలక నిండా రాసింది. "రాయి మాట్లాడతదంటే నేను నమ్ముతా. ఇరవై ఏండ్లు విన్నా" అని.

నడివయసు మనుషులిద్దరు రోజూ ఒకే బస్సులో పోతూ, ఒకళ్ళ మనసు ఒకళ్ళకు తెలిసి కూడా చివరిదాకా నోరు తెరవని నవల ఒకటి ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఒక్క మాట అడిగితే అయిపోయేదానికి మూడువందల పేజీలా అన్నాను. పెద్దమ్మ రాసింది: "అడిగితే అయిపోతదనే అడగలేదు. మంచి మనుషులు." అప్పుడు నేను నవ్వాను.

చర్చిలో ఆడవాళ్ళు ఆమెను ఊరికే వదిలేవాళ్ళు కాదు. "ఈ మంత్రాల పుస్తకాలేంది అక్కా, ఈ వయసులో" అనేవాళ్ళు. "అవన్నీ అబద్ధాలని నాకు తెలుసులే. మీరు మీ కోడళ్ళ మీద చెప్పుకునేటియి గూడా అంతేగా, అవి వినడంలా?" అనేది. వాళ్ళు నవ్వేసి, పోయేటప్పుడు ఒక ప్రేమ నవల అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు.

నోటికి అంత ధైర్యమే గానీ ఆమెకూ భయం ఉంది. ఏ పుస్తకమైనా ముందు ఆఖరి కాగితం చదివేది. ఎవరు బతుకుతారో, ఎవరు పోతారో తెలుసుకుంటే గానీ మొదటి పేజీ తెరిచేది కాదు. "తెలిస్తే తట్టుకుంటా. తెలియకపోతేనే గుండె దడ" అనేది. రాక్షసుడొచ్చే ఘట్టంలో చీకటి పడితే పుస్తకం మూసి, దాని మీద బరువుకు పలక పెట్టి పడుకునేది. ఎందుకంటే రాక్షసుడు బయటికి రాకుండా అంట. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో నవ్వు లేదు.

పలక గురించి ఇంకొకటి చెప్పాలి. నేను మూడో తరగతిలో సెలవులకు ఆమె దగ్గర ఉన్నాను. లెక్క తప్పు చేసి, ఆమె రావడం చూసి తడిగుడ్డతో గబగబా తుడిచేసి "ఇంకా చెయ్యలేదు" అన్నాను. పలక నల్లగా నిగనిగలాడుతోంది. ఆమె ఏమీ అనకుండా పలకను తీసుకుపోయి అరుగు మీద ఎండలో ఆనించింది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. తడి ఆరేకొద్దీ నా తప్పు లెక్క, అంకె అంకె, బూడిదరంగులో మళ్ళీ పైకి వచ్చింది. "నొక్కి రాసింది ఒక తుడుపుకు పోదు పిల్లా. తడి మీద పోయినట్టే ఉంటది. ఆరినాక చూడు" అంది. కొట్టలేదు. కొట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆనాటి నుంచి ఆమెకు అబద్ధం చెప్పాలంటే నాకు ఒణుకు.

అలాంటిది, చెప్పాను. నిరుడు ఎండాకాలం ఆమెకు దగ్గు మొదలైంది. నాలుగడుగులు వేస్తే కూర్చునేది. ఒంగోలు తీసుకుపోతే స్కానింగులు తీశారు. ఇన్నేళ్ళు పీల్చిన పలక పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని, ఇక తగ్గేది కాదని, ఎన్నాళ్ళో చెప్పలేమని రిపోర్టు ఆఖరి కాగితంలో రాశారు. అన్న, వదిన ఆమెకు చెప్పొద్దన్నారు. కాగితాలు నా చేతిలో ఉన్నాయి. పెద్దమ్మ మంచం మీద కూర్చుని చెయ్యి చాచింది.

"ఆఖరి కాగితం ఇయ్యి పిల్లా."

"జిరాక్స్ తీసి తెస్తా పెద్దమ్మా, ఒరిజినల్ నలిగిపోతది" అన్నాను. తరవాతి ఆదివారం అన్నీ జిరాక్స్ తీసి, శుభ్రంగా స్పైరల్ వేసి ఇచ్చాను. ఆఖరి కాగితం మాత్రం వేయలేదు. అది నా టేబుల్ సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆమె రిపోర్టు తిరగేసి, వెనక అట్ట మీద వేలితో రెండుసార్లు తట్టి, తలగడ కింద పెట్టుకుంది. ఏమీ అడగలేదు. అడగనందుకు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇంటికొచ్చాక అంతకు రెండింతలు భయమేసింది.

ఆ తరవాతే ఆ లావు నవల వచ్చింది. ఆరువందల పేజీల పైన. మాయలూ ప్రేమా రెండూ ఉన్న కథ. పడుకుని గుండెల మీద పెట్టుకుంటే ఆమెకు ఊపిరి ఆడలేదు. "ఇది పుస్తకమా, తిరగలి రాయా?" అంది. నేను దాన్ని దుకాణానికి తెచ్చి, కట్టర్‌తో వీపు కోసి, నాలుగు భాగాలు చేసి, వేటికవి స్పైరల్ వేశాను. వారానికి ఒకటి తీసుకుపోయేదాన్ని. ఆఖరి భాగం ముందు తెమ్మని పోరింది. బైండింగ్ కాలేదని చెప్పుకొచ్చాను. సణుక్కుంటూ ఈసారికి అది చూడకుండానే మొదలుపెట్టింది. అసలు సంగతి, ప్రతి భాగానికీ ఒక జిరాక్స్ ఉంచుకుని నేనూ వెనకే చదువుతున్నాను.

అందులో ఒక రాణి. ఆమె మంత్రం వేసిన ప్రతిసారీ ఆమె ఊపిరి కొంత తగ్గిపోతుంది. ఇది రెండో భాగంలో గానీ తెలియదు. ఆ భాగం అప్పటికే పెద్దమ్మ చేతిలో ఉంది. దుకాణంలో కూర్చుని జిరాక్స్ చదువుతూ అక్కడే మూసేశాను. ప్రపంచంలో ఇన్ని నవలలుండగా ఇదే దొరికిందా నాకు? నాలుగో భాగం భయంభయంగా చదివాను. చిట్టచివరి కాగితంలో రాణి పోతుంది. రచయిత ఎంతో అందంగా రాశాడు. ఆ అందం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

దాని ముందు పేజీ చివర రాణి కొండ ఎక్కి, ప్రేమించినవాడి గుడిసె తలుపు తెరుస్తుంది. వాక్యం అక్కడికి అయిపోతుంది, పేజీ కూడా అయిపోతుంది. ఇది చాలు, ఎవరూ కనిపెట్టలేరు అనుకున్నాను. స్పైరల్ తిప్పి తీసి, ఆఖరి కాగితం లాగేసి, మళ్ళీ ఎక్కించాను. తీసిన కాగితాన్ని రిపోర్టు కాగితం పక్కనే సొరుగులో పెట్టాను.

ఆదివారం ఆమె చేతికిచ్చాను. అలవాటు ప్రకారం ముందు వెనక్కి తిప్పింది. చదివింది. స్పైరల్ తీగ మీద బొటనవేలు పైనుంచి కిందికి పోనిచ్చింది.

"ఇంతేనా?"

"ఇంతే పెద్దమ్మా. తలుపు తీస్తది."

"లోపలికి పోయినాక?"

"అది మనకే వదిలేసినాడు."

"మనకే వదిలేసినాడా" అని నా మొహం చూసి నవ్వింది. నవ్వుతోపాటు దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేదాకా నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. "బస్సు టైమయితంది, పో. బిడ్డలు ఎదురు చూస్తుంటారు" అంది. నేను ఆమెను చూడడం అదే ఆఖరు. తరవాత నాలుగో రోజు వదిన ఫోన్.

"పుస్తకం చదివేసిందా" అని ఎందుకు అడిగానో ఇప్పుడు మీకు తెలిసింది కదా.

మార్కాపురం చేరేసరికి ఆమెకు తెల్లచీర కట్టి పడుకోబెట్టారు. నాలుగో భాగం తలగడ పక్కన మూసి ఉంది. కిటికీలో పలక గోడవైపు తిరిగి ఉంది. ఆమె ఎప్పుడూ రాసిన పక్క మన వైపే పెట్టేది, వచ్చినవాళ్ళు చదవాలని. అటు తిప్పి పెట్టిందంటే అందులో ఏదో ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరం. తిప్పలేకపోయాను. నన్ను మోసం చేసినావు అని రాసి ఉంటే? ఆ భయంతోనే సమాధుల తోటకు పోయి వచ్చాను. ఆ భయంతోనే ఆ ఇంట్లో రెండు రోజులు ఉన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఆదరణ కూడిక, ఓదార్పు ప్రార్థన. పాస్టరు గారూ సంఘంవాళ్ళూ వస్తారని వదిన పొద్దున్నుంచీ ఇల్లు కడుగుతోంది. నేను పెరట్లో గిన్నెలు తోమి లోపలికి వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర తడిగుడ్డతో ఉంది. ఇంకో చేతిలో పలక.

"వదినా!"

నా కేకకు ఆమె అదిరిపడింది. "ఏందే, అంత అరుపు? దుమ్ము పట్టిందని తుడిచినా."

"దాని మీద ఏముంది? చదివినావా?"

"ఏందో రాసుంది. అత్తమ్మ ఎప్పుడూ రాసేదే గదా. చూడలా." అని పలక నా చేతికి ఇచ్చింది. రెండు పక్కలా నల్లగా, తడిగా ఉంది. నా మొహం కనపడింది అందులో. వదిన మొహం కూడా పాలిపోయింది. "తప్పు చేసినానా పాపా?" అంది. ఆమె తప్పేముంది? రెండు రోజులు కళ్ళముందు పెట్టుకుని తిప్పి చూడలేని పిరికిదాన్ని నేను. ఏడుపు రాలేదు.

అప్పుడు మూడో తరగతి లెక్క గుర్తొచ్చింది. పలక తీసుకుపోయి అరుగు మీద ఎండలో ఆనించాను. వదిన కూడా వచ్చి నా పక్కన నిలబడింది. కొంగుతో కూడా అద్దనివ్వలేదు ఆమెను. ముందు నడుమ ఆరింది. బూడిదరంగులో ఒక గీత, ఒక కొమ్ము, ఒక వత్తు. నేను వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అక్షరాలు ఒక్కొక్కటీ వచ్చాయి.

"రాణి బాగుంది. తలుపు తీసినాక ఏమైతదో తెలుసు. ఆఖరి కాగితం లేదు. ఆస్పత్రి పుస్తకంలో గూడా లేదు. పిల్లకు భయం. అడిగితే అయిపోతదని అడగలా."

కింద ఇంకొక వరుస ఉంది. అక్కడ వదిన గట్టిగా రుద్దినట్టుంది. ఎంత ఆరినా రెండే మాటలు తేలాయి. "తెచ్చి చదువు."

కూడికలో అందరూ ఆమె గురించి మంచి మాటలు చెప్పారు. ఆ తరవాతి ఆదివారం సొరుగులోంచి రెండు కాగితాలూ తీసుకుపోయి, ఆమె మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. ముందు రిపోర్టు, తరవాత రాణి. మధ్యలో రెండుసార్లు ఆపాను. ఖాళీ మంచానికి చదవడం ఏంటని మీరనుకోవచ్చు. ఆమె అడిగింది, నేను ఆలస్యంగా ఇచ్చాను. నా అభిప్రాయం కూడా రాస్తున్నాను: నవల మంచిది. ఆఖరి కాగితంతోనే చదవండి.

పలక ఆ అక్షరాలతోనే ఇప్పుడు నా దుకాణంలో ఉంది. మొన్న ముసురు పట్టినప్పుడు జల్లు లోపలికి కొట్టి పలకంతా తడిసింది. చూస్తే నల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు. గుడ్డ తీసుకోబోయి ఆగాను. మధ్యాహ్నం కాస్త ఎండ కాసింది. స్టూలు బయట వేసి, దాని మీద పలక ఆనించి, జిరాక్సులకు వచ్చినవాళ్ళను ఆగమని చెప్పి, పక్కనే నిలబడ్డాను.