తాయారు వంటింట్లో అడవి

గురునాథరావు గారు ఏ వస్తువునీ వస్తువుగా చూడలేరు. డబ్బా, మూత, చాట, ఏది చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, "ఇందులో ఓ ముంగిస ఉన్నాది" అంటారు. సాయంత్రానికల్లా నిజంగానే ముంగిస ఉంటుంది. వస్తువు మాత్రం ఇక ఇంటికి పనికిరాదు.

ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై రెండేళ్ళు క్రేను నడిపారాయన. పని లేని వేళల్లో అంత ఎత్తు నుంచి ప్లాంటు వెనక తుప్పల్లో తిరిగే నక్కల్ని చూస్తూ గడిపారు. రిటైరై గోపాలపట్నంలో రెండు గదుల ఇంట్లో దిగాక నక్కలు కనబడటం మానేశాయి. ఆ లోటు తీర్చుకోవడానికి రంగులు కొన్నారు. కాగితం మీద వేసుకోవచ్చు కదా అని ఎవరన్నా అంటే, "కాగితానికి సెట్టు కొట్టాల. సెట్టు కొడితే నక్క ఎక్కడుంటాది?" అని అడుగుతారు. దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు, ఆయన భార్య తాయారు దగ్గర తప్ప.

"నా వంటింట్లో ఉంటాది" అంటుందామె.

పనికిరాని వస్తువుల మీదే బొమ్మలు వేస్తానన్నది ఆయన నియమం. చిక్కల్లా, ఏది పనికిరానిదో తేల్చేది కూడా ఆయనే కావడం. ఓ రోజు తాయారుకి కందిపప్పు దిండు గలీబులో దొరికింది. పప్పు ఉండాల్సిన డబ్బా మీద ఓ పిల్లి కూర్చుని ఆమెను గుర్రుగా చూస్తోంది.

"ఏటండీ ఇది? నిండా పప్పున్న డబ్బా కదా."

"అడుగున సొట్ట పడిపోనాది తాయారూ."

"సొట్ట పడితే పప్పు కారిపోద్దా? దాని మీద పిల్లొకటి."

"పిల్లి కాదు, బావురుపిల్లి. నీల్లలో దిగి సేపలు పట్టుకుంటాది. సూడు, వేళ్ళ మధ్య సర్మం ఎలాగేసేనో."

ఆమె డబ్బా గురించి అడుగుతుంది, ఆయన జాతి గురించి చెబుతారు. క్యారెట్ తురిమే రేకు మీద అలుగు వెలిసినప్పుడూ ఇదే తంతు. "దీనికి పొలుసులు ముందే ఉన్నాయి, నాను కళ్ళు పెట్టానంతే" అన్నారు. ఆ కళ్ళు ఎంత దీనంగా కుదిరాయంటే, దాని వీపు మీద క్యారెట్ రుద్దడానికి తాయారుకే చెయ్యి రాలేదు.

తాయారు అన్నగారు శ్రీరామ్మూర్తి ఓసారి ఊరి నుంచి వచ్చాడు. పొద్దున్నే స్నానానికి వెళ్ళినవాడు సగం సబ్బుతో తువ్వాలు చుట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడ్డాడు.

"బావా, మగ్గులో పామున్నాది."

గురునాథరావు గారు పేపరు దించారు. "గళ్ళున్నాయా, గీతలున్నాయా?"

"నాను సూళ్ళేదు బావా."

"గళ్ళుంటే నీరుకట్టు. దానికి విషం లేదు. ఎల్లి సూసి రా."

శ్రీరామ్మూర్తి చూసి రాలేదు. పక్కింట్లో స్నానం ముగించి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

ఇవన్నీ తాయారు ఓర్చుకుంది. కానీ పొడులు పోసుకుందామని పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి, ఏరి ఏరి తెచ్చుకున్న మూడు పచ్చమూతల డబ్బాలు వారం తిరక్కుండా మాయమయ్యాయి. వాటికి సొట్ట లేదు, గీత లేదు. రెండు వారాలు ఇల్లంతా వెతికి, చివరికి ఆయన్నే అడిగింది.

"అయ్యి ఎక్కడెట్టారు?"

"ఎక్కడికీ పోలేదు. పనిలో ఉన్నాయి" అన్నారాయన.

మర్నాడు ఆయన బ్రష్షుల కోసం బజారుకెళ్ళిన సమయం చూసి, తాయారు ఆ బొమ్మల అడవినంతా మోసుకొచ్చి వరండాలో పోగేసింది. పాత సామాన్లు కొనే సింహాద్రి తోపుడు బండితో వీధిలోకి రాగానే పిలిచింది.

"ఇయ్యన్నీ ఎత్తుకుపో."

సింహాద్రి పోగు వైపు చూశాడు. అలుగు అతని వైపు చూసింది.

"నానెత్తుకుపోనమ్మా. మాయమ్మ నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

"మీ అమ్మకేటి?"

"బాబుగోరు సెప్పలేదా? మాయమ్మకి మూడు రకాల మాత్రలమ్మా. మూడూ తెలుపే, మూడూ గుండ్రమే. సదువు రాదు. రాత్రిది పొద్దున్న మింగేసి కుళాయి కాడ పడిపోనాది. నాను ఈ మాట బాబుగోరితో అన్నాను. రెండ్రోజులకి బాబుగోరే డబ్బాలు తెచ్చిచ్చారు."

"ఏ డబ్బాలు?"

"కొత్తయ్యమ్మా. పచ్చమూతలు."

తాయారు చెప్పులు వేసుకుంది. సింహాద్రి ఇల్లు వెనక సందులోనే. అతని తల్లి నూకాలు మంచం మీద కూర్చుని ఉంది. గూట్లో మూడు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒకదాని మీద కాకి, ఒకదాని మీద తొండ, ఒకదాని మీద గుడ్లగూబ. గట్టిగా నాలుగు మాటలు అడుగుదామని వచ్చిన తాయారు ఆ మాటలు మింగేసింది.

"కాకి అరిసే ఏలకి ఇదమ్మా" అని చూపించింది నూకాలు, పిల్లల్ని పరిచయం చేస్తున్నట్టు. "సీకటడ్డాక ఈ గుడ్లగూబది. అచ్చరాలు తెలవకపోతే ఏటి, మొకాలు తెలుస్తాయి కదా."

"మరి మజ్జానానిది?"

నూకాలు గొంతు తగ్గించింది. "బాబుగోరికి సెప్పకండమ్మా. తొండంటే నాకు ఒళ్ళు జలదరిత్తాది. ఆ డబ్బా ముట్టుకోలేను."

తాయారు మూత తీసి చూసింది. పది రోజుల కిందట సింహాద్రి నింపినవి నింపినట్టే ఉన్నాయి. ఆ పూట మాత్ర దగ్గరుండి మింగించి, మిగిలినవి కాగితంలో పొట్లం కట్టి నూకాలు చేతికిచ్చి, తొండ డబ్బా కొంగులో పెట్టుకుని బయల్దేరింది.

ఇంటికొచ్చేసరికి గురునాథరావు గారు వరండాలో పోగు ముందు కూర్చుని ఉన్నారు. బావురుపిల్లి ఒళ్ళో ఉంది. తాయారు కొంగులోంచి తొండ డబ్బా తీసి ఆయన ముందు పెట్టింది.

"నూకాలింటికి ఎల్లొచ్చాను. నన్నడిగితే డబ్బాలు ఇచ్చేదాన్ని కదా."

"అడిగితే పాతయ్యిస్తావు" అన్నారాయన తలెత్తకుండా. "మాత్రలకి మూత గట్టిగా పట్టాల. సెమ్మ దిగితే పాడైపోతాయి."

"మజ్జానం మాత్ర మింగట్లేదావిడ. తొండ సూసి భయం."

"తొండ ఎవర్నేటి సేత్తాది, పాపం? మిట్టమజ్జానం ఎండలో తలాడించుకుంటూ కూకునేది అదొక్కటే." అని ఆగారు. "ఎన్ని రోజులై మింగలేదు?"

"పది."

గురునాథరావు గారు గబుక్కున లేచారు. బావురుపిల్లి కింద పడి దొర్లింది. గుడ్డ ముక్క కిరసనాయిల్లో ముంచి తొండను తుడిచేశారు. ఖాళీ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మజ్జానం ఇంకెవరు తిరుగుతారు" అని గొణుక్కున్నారు.

"నెమలి వెయ్యండి" అంది తాయారు. పెళ్ళయ్యాక ఆమె ఓ జంతువునో పక్షినో అడగడం ఇదే మొదలు.

"నెమలి మజ్జానం తిరగదు తాయారూ. నీడలో కునుకు తీత్తాది."

"అయితే కునుకు తీసే నెమలినే వెయ్యండి. మాత్ర మింగి నూకాలు పడుకునేదీ అప్పుడే."

ఆ మాటలో ఆయనకి తప్పు ఎక్కడా కనబడినట్టు లేదు. నీలం రంగు సీసా మూత తీస్తూ మాత్రం, "ఇంత డబ్బా మీద తోక పట్టదు" అన్నారు.

"మూత మీదకి తిప్పండి" అంది తాయారు, డబ్బా కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంటూ.