సరిహద్దులో తడిసిన టైర్లు

దెయ్యాల కథలు ఇష్టంగా చదివేదాన్ని. నమ్మి చదివింది మాత్రం ఒక్కటీ లేదు. మనిషి పోయాక మిగిలేది మన జ్ఞాపకమే అని నా భర్త పోయిన రోజు కూడా అనుకున్నాను. ఇప్పటికీ చాలావరకు అదే అనుకుంటాను.

బాన్సువాడ నుంచి సొంత కారులో నేపాల్ వెళ్లి గండకీ నది చూడాలని ఆయన కోరిక. అది తీరకుండానే పోయారు. అస్థికలు ఆ కారులోనే తీసుకెళ్లి గండకిలో కలపాలని నేను పట్టుబట్టాను. ఆయన స్నేహితుడు ఖదీర్ భాయ్ వర్నిలో వరికోతలు వదిలేసి వచ్చాడు. నాగపూర్ దాటి ఎన్నడూ బండి నడపని మనిషి, గోరఖ్‌పూర్ దాకా ఒక్కసారీ విసుక్కోలేదు.

భయమంతా సునౌలీలో, నేపాల్ సరిహద్దు దగ్గరే. బండి కాగితాలు ఇంకా ఆయన పేరు మీదే ఉన్నాయి. మార్పించడానికి నాకు చేతులు రాలేదు.

"ఓనర్ ఏడీ అంటరు వదినా. వాపస్ పంపితె?"

"ఉన్నదే చెప్దాం భాయ్."

"గట్ల చెప్తె సీదా బాన్సువాడకే," అని నవ్వబోయి ఊరుకున్నాడు.

కారుకు తాళం వేసి ఇద్దరం కస్టమ్స్ ఆఫీసులో వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. మరణ ధ్రువపత్రం తీయబోతుంటే అధికారి కిటికీలోంచి కారు వైపు చూసి హిందీలో అడిగాడు: "ఓనర్ ఆయనే కదా, టైర్లకు నీళ్లు పోస్తున్న పొడుగాయన?"

నేను పత్రం బయటికి తీసేలోపే కాగితాల మీద ముద్ర వేసి ఇచ్చేశాడు.

బయటికి వచ్చేసరికి కారు దగ్గర ఎవరూ లేరు. ఎండ మండుతోంది. బండి నిండా దుమ్ము. ముందు టైర్లు రెండూ తడిగా ఉన్నాయి.

కొత్త పొలిమేర దాటేటప్పుడల్లా ఆయన దిగి, అంత పొడుగు మనిషీ వంగి ముందు టైర్ల మీద నీళ్లు పోసేవారు. నేను నవ్వేదాన్ని. "మనల్ని మోసేదానికి గింత మర్యాద ఇయ్యకుంటె ఎట్ల?" అనేవారు. ఈసారి ఆ పని మేమిద్దరం మరిచిపోయాం.

"తాళంచెవి నా జేబులనే ఉన్నది వదినా. నీళ్ల సీసా లోపలనే ఉన్నది," అన్నాడు ఖదీర్ భాయ్. తడి టైరు మీద చెయ్యి పెట్టి, "ఇగ దేశమే దాటుతుంటె అన్న ఊకుంటడా?"

ఏ లారీ డ్రైవరో పోసి ఉండవచ్చు. మా బండికే ఎందుకు పోశాడో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా ఇంతకు మించి చెప్పలేను.

అంతవరకు ఫోన్లో దారి చూసి చెప్పడానికి నేను ముందు సీట్లో కూర్చున్నాను. అక్కడి నుంచి గండకి దాకా ముందు సీటు ఖాళీగా వదిలి వెనక కూర్చున్నాను. ఎందుకని ఖదీర్ భాయ్ అడగలేదు. దారీ అడగలేదు.