లవాన్ జాబ్కా ఫీజు పెంచిన ఏడాది

లవాన్ జాబ్కా బుర్రలో ఆ ఆలోచన పుట్టడానికి కారణం ఒక ఆవు. ఆ ఆవు కూడా ఆమెది కాదు, లెనర్డ్ హ్రొమాద్కాది.

ఫిబ్రవరి ఆఖరు వారం. రైతులు మార్చి ఒకటో తారీఖులోగా పన్ను రిటర్నులు పంపెయ్యాలి. హ్రాడెక్ ఊరికి చుట్టుపక్కలున్న మొక్కజొన్న రైతుల్లో సగంమందికి ఆ రిటర్నులు తయారుచేసేది లవానే. మెయిన్ వీధిలో ఒకప్పటి క్షౌరశాల ఆమె ఆఫీసు. నిలువుటద్దాలు తీయించేసింది గానీ, నేలకి బోల్టులేసి బిగించిన ఎత్తుకుర్చీ మాత్రం ఎవరివల్లా కదల్లేదు. లెనర్డ్ ఎప్పుడొచ్చినా అందులోనే చతికిలబడేవాడు. కూర్చుంటే రెండు గంటలు.

డెబ్భై ఏళ్ళ మనిషి, మంచివాడే. కానీ ఏడాది పొడుగునా పోగుచేసిన రసీదులన్నీ దాణా సంచిలో కుక్కి తెచ్చేవాడు. సంచి బోర్లిస్తే కాగితాలతోపాటు మొక్కజొన్న గింజలు, కోడి ఈకలు, ఒక ఏడు బతికున్న చిట్టెలుక కూడా రాలాయి. గడువు రెండు రోజులుందనగా తప్ప మొహం చూపించేవాడు కాదు. ఆదివారం సరిగ్గా భోజనాల వేళకి ఫోన్ చేసేవాడు.

ఆ రోజు లవాన్ రసీదులు ఒక్కొక్కటే చేత్తో సాపు చేసి ఖర్చుల కింద ఎక్కిస్తోంది. ఒక కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటి లెనర్డ్? పశువుల డాక్టరుకి మూడు వందల ఇరవై డాలర్లా?"

"అవును మరి. ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగింది. మంచులో ముప్ఫై మైళ్ళు వచ్చాడు పాపం. గంటలో బయటికి లాగేశాడు. తల్లీ పిల్లా కులాసా."

"ఇంత ఎందుకని అడగలేదా?"

"అడగడమేంటి? పని తెలిసినవాడు!" అన్నాడు లెనర్డ్, ఆమెకేమన్నా మతి పోయిందా అన్నట్టు చూస్తూ.

లెనర్డ్ రిటర్ను చెయ్యడానికి లవాన్‌కి నాలుగు సాయంత్రాలు పట్టేది. దానికి ఆమె తీసుకునేది తొంభై అయిదు డాలర్లు. తొమ్మిదేళ్ళుగా అదే. ఆమె డాక్టరు ఖర్చు ఎక్కించి తరవాతి రసీదు అందుకుంది. కానీ ఆ దూడ మాత్రం ఆమె మనసులోంచి బయటికి రానంది.

"నేను ఏడేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నా, ఫీజు పెంచమని," అన్నాడు డ్వేన్, ఆ పూట ఇంట్లో బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. డ్వేన్ ఆమె మొగుడు, స్కూలు బస్సు నడుపుతాడు.

"నువ్వెప్పుడు చెప్పావు?"

"మనసులో."

లవాన్‌కి నవ్వొచ్చింది గానీ బెంగ తీరలేదు. పన్నుల సాఫ్ట్‌వేర్ కంపెనీ ఏటా రేటు పెంచుతూనే ఉంది. చట్టం మారినప్పుడల్లా తను డబ్బు కట్టి మళ్ళీ పాఠాలు నేర్చుకుంటూనే ఉంది. అయినా, చర్చిలో పక్కన నిలబడి పాడేవాళ్ళని, తన పెళ్ళికి దుప్పట్లు కుట్టిచ్చినవాళ్ళని, ఇంకో వంద ఇవ్వండని ఏ మొహంతో అడగడం?

ఆ భయాన్ని ఆమె పక్క షాపులో బేకరీ నడిపే ఆర్లీన్ స్లెపిచ్కా దగ్గర వెళ్ళబోసుకుంది. ఆర్లీన్ పిండి చేతులతోనే వింది.

"నేను కొలాచీ బన్ను మీద పావు డాలరు పెంచినప్పుడు ఏమైంది? వారం రోజులు మూతులు ముడుచుకున్నారు. ఎనిమిదో రోజు పొద్దున్నే అందరూ లైన్లో ఉన్నారు."

"నీ కొలాచీ తింటే తియ్యగా ఉంటుంది ఆర్లీన్. నేను చేసి ఇచ్చింది చూస్తే ఎవరికైనా ఏడుపొస్తుంది."

"నువ్వు చెయ్యకపోతే ఇంకా గట్టిగా ఏడుస్తారు. రాయి ఉత్తరం."

రాయడానికి డిసెంబరు వచ్చింది. మొదటి ఉత్తరం రెండు పేజీలు. ఆర్లీన్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, గసగసాలంటిన వేలితో ఒక్కో లైనూ పొడిచింది.

"ఇందులో 'క్షమించండి' అయిదుసార్లు ఉంది. నువ్వేమన్నా వాళ్ళ కుక్కని కారు కింద తొక్కించావా?"

చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. వచ్చే ఏడాది నుంచి ఫీజు ఇదీ. పని ఎప్పటిలాగే శ్రద్ధగా చేస్తాను. జనవరి ఆఖరులోగా కాగితాలన్నీ తెచ్చిస్తే ఇరవై డాలర్లు తగ్గిస్తాను. అంతే. పని బరువుని బట్టి ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వేసింది. లెనర్డ్ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది.

"మూడు వందల ఎనభై వెయ్యి," అంది ఆర్లీన్.

"అమ్మో! మండిపడి వెళ్ళిపోతాడు."

"అదేగా నీక్కావలసింది?"

లవాన్ కాసేపు ఆలోచించింది. దాణా సంచి గుర్తొచ్చింది, ఆదివారం ఫోన్లు గుర్తొచ్చాయి. వేసేసింది. నూట ఎనభై నాలుగు కవర్లు పోస్టాఫీసు కిటికీలో తోస్తుంటే, తన చేత్తో తనే షాపు మూసుకుంటున్నట్టు అనిపించింది.

వారం దాకా చడీచప్పుడు లేదు. ఆ తరవాత మొదలైంది. పెదనాన్న కొడుకు మార్విన్ ఫోన్ చేసి, "న్యూయార్క్ ఎప్పుడు మారిపోయావు? మాకు చెప్పనేలేదే," అని దెప్పి, తన కాగితాలు తీసుకుపోయాడు. చర్చి పాటల బృందంలో పక్కనే నిలబడే డార్లీన్ కోవార్ పాట మధ్య ఊపిరి తీసుకునే సందులో చెవిలో ఊదింది. "ఈసారి నేనే ఫోన్లో చేసేసుకుంటున్నాలే. ఏమనుకోకు."

"ఏమనుకోను," అంది లవాన్. తరవాతి చరణమంతా శ్రుతి తప్పింది.

జనవరి మధ్యకల్లా నలభై ఒక్కమంది పోయారు. వెళ్ళిపోయినవాళ్ళ ఫైళ్ళు అరలోంచి తీసి పెట్టెలో సర్దుతూ ఆమె ఒక్కొక్కటీ తెరిచి చూసింది. ఇది వీళ్ళకి కవలలు పుట్టిన ఏడు. ఇది వడగళ్ళు పడి పంటంతా పోయిన ఏడు. ఇది ఈయన భార్య పోయిన ఏడు. ఆ ఏడే రిటర్నులో ఇద్దరి పేర్లుండే చోట ఒక్క పేరు రాస్తుంటే ఆయన ఆ ఎత్తుకుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాళ్ళకి తను ఒక ఫీజు మాత్రమేనా? ఆ రాత్రి భోజనం దగ్గర డ్వేన్ జోకులెయ్యలేదు. గిన్నెలు తనే కడిగాడు.

మర్నాడు మధ్యాహ్నం చేతికర్ర టకటకలాడించుకుంటూ మిసెస్ బెనెష్ వచ్చింది. ఎనభై ఆరేళ్ళావిడ, లవాన్‌కి మూడో తరగతిలో పాఠాలు చెప్పిన టీచరు. పింఛను మీద బతికే మనిషి కదా అని లవాన్ ఆవిడకి ఉత్తరమే పంపలేదు.

"అమ్మాయ్, నాకు ఉత్తరం రాలేదు."

"మీకు అక్కర్లేదు టీచరుగారూ. మీకు పాత ఫీజే."

"ఎందుకని? నేను చచ్చిపోయానని రాసుకున్నావా?"

"అయ్యో, అది కాదండీ…"

"పక్కింటి ఐరీన్‌కొచ్చింది చదివాను. రెండో వాక్యంలో కామా తప్పు. నీకు ఎన్నిసార్లు చెప్పాను?" కర్ర కుర్చీకి ఆనించి ఆవిడ చెక్కు పుస్తకం తీసింది. "కుళాయిలు బాగుచేసే కుర్రాడు నా దగ్గర కొత్త రేటే తీసుకుంటాడు. జుట్టు కత్తిరించే పిల్లా తీసుకుంటుంది. నువ్వొక్కదానివే నామీద జాలిపడుతున్నావన్నమాట. ఎంతో చెప్పు."

లవాన్ చెప్పింది. ఆవిడ అక్షరం వంకర పోకుండా చెక్కు రాసి, సిరా ఆరేదాకా ఊది, బల్లమీద పెట్టింది. "ఇప్పుడు బాగుంది," అని తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కామా సంగతి మర్చిపోకు."

ఆవిడ వెళ్ళాక లవాన్ పెట్టెకి మూతపెట్టి అటకెక్కించేసింది.

ఇక లెనర్డ్. ఉరుములా వస్తాడని ఆమె రోజూ తలుపు వంక చూస్తూనే ఉంది. జనవరి ముప్ఫయ్యో తారీఖు ఉదయం నిజంగానే వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. చంకలో అరలరలుగా విచ్చుకునే కొత్త ఫైలుంది. ప్రతి అరకీ చీటీ: విత్తనాలు, డీజిలు, ఎరువులు, పశువుల డాక్టరు.

"లోపలే ఉన్నావా? ఆఖరు తారీఖు రేపే కదా. ఇరవై తగ్గిస్తానన్నావు."

లవాన్ అతని వెనక్కి తొంగిచూసింది. "సంచేది లెనర్డ్?"

"సంచా!" లెనర్డ్ ఎత్తుకుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. "తొంభై అయిదు తీసుకునేదాని దగ్గరికి సంచి చాల్లే అనుకున్నా. మూడొందల ఎనభై తీసుకునే మనిషి దగ్గరికి కోడి ఈకలేసుకుని వస్తే ఏం బాగుంటుంది?"

ఆ ఫైలు చూస్తుంటే లవాన్‌కి కడుపు నిండిపోయింది. నాలుగు సాయంత్రాల పని ఒక్క పూటలో అయిపోయింది. అయిపోయాక ఆమెకి మనస్సాక్షి కుట్టడం మొదలెట్టింది. లెనర్డ్‌ని మళ్ళీ పిలిపించి, తడబడుతూ చెప్పింది.

"మీ కాగితాలు ఇంత పద్ధతిగా ఉంటే మూడొందల ఎనభై అన్యాయం. రెండొందల నలభై చాలు. నిజం చెప్పాలంటే, మీరు వేరేచోటికి వెళ్ళిపోతారేమో అనే ఆ అంకె వేశాను."

లెనర్డ్ కళ్ళు చిట్లించాడు. "నన్ను వదిలించుకోవాలని చూశావా?"

"చూశాను."

పెద్దాయన భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వాడు. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "నలభై ఏళ్ళ నుంచి మా ఆవిడ చూస్తోంది, తన వల్లే కాలేదు. సరే, రెండొందల నలభై ఇస్తా. కానీ ఒక్క షరతు. ధాన్యం గోదాము దగ్గర ఎవరికీ చెప్పకు. రైతులంతా పొద్దున్న కాఫీకి అక్కడే చేరతారు కదా, అందరికీ మూడొందల ఎనభై అని చెప్పేశాను."

చెప్పడమంటే అలా ఇలా చెప్పలేదు. నా పన్నుల మనిషి మూడొందల ఎనభై, మీ పన్నుల మనిషి ఎంత అని అడిగి మరీ గొప్పలు పోయాడట. రెండు వేల ఎకరాలు సాగుచేసే క్రేచీ అన్నదమ్ములు అది విని, అంత ఖరీదైన మనిషంటే గట్టి మనిషే అయ్యుంటుందని వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ వెనక ఇంకో ఏడుగురు. లవాన్ సంగతి చెప్తుంటే ఆర్లీన్ నవ్వలేక నవ్వలేక పిండి బస్తా మీద కూలబడింది.

మార్చిలో డార్లీన్ వచ్చింది, ఫోన్ చేత్తో పట్టుకుని. రైతులు కానివాళ్ళకి గడువు ఏప్రిల్ పదిహేను. మొగుడి పింఛను రెండుసార్లు ఎక్కించేసిందట. నాలుగు వేలు బాకీ ఉన్నావని ఫోన్ చూపిస్తోంది.

"చూస్తావా లవాన్? పాత స్నేహం కొద్దీ…"

"చూస్తాను. కొత్త ఫీజు. ఏప్రిల్ అయిదు దాకా ఖాళీ లేదు, ముందున్నవాళ్ళున్నారు."

డార్లీన్ మొహం ముడుచుకుంది.  "అయిదున ఎన్నింటికి?" అంది చివరికి. ఆ ఆదివారం పాటలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. ఎవరూ శ్రుతి తప్పలేదు.

వెళ్ళిపోయిన నలభై ఒక్కమందిలో ఆరుగురే తిరిగొచ్చారు. మార్విన్ రాలేదు, రాలేదని లవాన్‌కి ఇప్పటికీ కాస్త ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. కానీ మనుషులు తగ్గి రాబడి పెరిగింది. అంతకంటే వింత, ఆ ఏడు ఏప్రిల్ రెండో శనివారం, ఇంకా గడువు ఉండగానే, ఆమెకి చెయ్యడానికి ఏ పనీ లేకపోయింది. పంతొమ్మిదేళ్ళలో అలాంటి శనివారం అదే మొదటిది.

"ఊరి హాల్లో పోల్కా డాన్సు ఉంది," అన్నాడు డ్వేన్. అప్పటికే బూట్లకి పాలిష్ కొట్టుకున్నాడు.

హాల్లో అకార్డియన్ వాయిద్యం జోరందుకుంది. మూడో పాటకి లవాన్ బుగ్గలు కందిపోయాయి, జుట్టు పిన్ను ఎక్కడో ఊడిపోయింది. ఇంతలో హాలు అవతలి మూల నుంచి ఎవరో టోపీ పైకెత్తి ఊపుతూ అరిచారు. "లవాన్! ఒక్క చిన్న ప్రశ్న! కొత్త ట్రాక్టరు గురించి!"

డ్వేన్ ఆమె నడుం పట్టుకుని గిరుక్కున ఆ పక్కకి వీపు పెట్టేలా తిప్పేశాడు. "వినపడలేదు కదూ?"

"ఏం వినపడలేదు?" అంది లవాన్, అడుగు తప్పకుండా.