స్తంభం మీద గాటు

మా వర్షిద్ ఊళ్ళో జేవర్ అత్తకు ఎదురు చెప్పి నెగ్గినవాణ్ణి నేను చూడలేదు. నేనూ చాలాసార్లు ప్రయత్నించి చేతులెత్తేశాను. అంతర్యుద్ధం నాటి ఆకలి చలికాలంలో, కనుమ మంచుతో మూసుకుపోయి పిండి లారీలు ఆగిపోతే, ఎవరి గాదె తలుపు వాళ్ళు బిగించుకున్నారు. ఆవిడ మాత్రం తన దగ్గరున్న ఎండు మల్బరీ పిండి బస్తాను వీధిలోకి ఈడ్చుకొచ్చి, తనది ఇదిగో, మీది ఏదీ అని గడప గడపకూ వెళ్ళి నిలదీసింది. సిగ్గుతో చచ్చినట్టు అందరూ తెచ్చి కలిపారు. ఆ ఏడు మా ఊళ్ళో ఆకలితో ఎవరూ పోలేదు.

మాది పంజ్ నదికి ఇవతలి గట్టు. అవతలి గట్టునా మావాళ్ళే. మాట ఒకటే, రొట్టె ఒకటే, ఉప్పేసిన పాల టీ ఒకటే. ఇంటి పైకప్పులో వెలుతురు కంత, దాని కింద అయిదు స్తంభాలు కూడా ఒకటే. మా ముత్తాతల నాడు, ఈ కొండల ముఖం చూడని ఇద్దరు రాజుల మనుషులు ఎక్కడో కూర్చుని, నదే సరిహద్దు అని తేల్చిపారేశారు. మావాళ్ళు లెక్కచెయ్యలేదు. తోలుతిత్తుల తెప్పల మీద దాటుతూ పిల్లనిచ్చుకుంటూనే ఉన్నారు. సోవియట్ వాళ్ళ ముళ్ళకంచె వచ్చాక అదీ ఆగింది. కంచె పడడానికి ఏడాది ముందే, జేవర్ అత్త తల్లి సనోబర్ అవ్వకు అక్క అయిన గులందామ్, అవతలి ఊరికి కోడలిగా వెళ్ళిపోయింది.

అంతే. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోకుండానే ముసలివాళ్ళయ్యారు. ఇవతల సోవియట్ దేశం పోయి తజికిస్తాన్ వచ్చింది, మా మగవాళ్ళు సగంమంది రష్యాలో ఇటుకలు మొయ్యడానికి వెళ్ళారు. అవతల ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక యుద్ధం పోతే ఇంకో యుద్ధం వచ్చింది. ఆ తర్వాత ఎవరికి బుద్ధి పుట్టిందో, నది మధ్య లంకలో శనివారం సంత తెరిచారు. రెండు గట్ల నుంచీ లంకలోకి వంతెనలు వేశారు. ఆ కబురు విన్న రోజే, తల్లిని అక్క దగ్గరికి చేర్చాలని జేవర్ అత్త పట్టుబట్టింది. సనోబర్ అవ్వకు నడుము పడిపోయింది, ఇంకో చలికాలం దాటుతుందని ఎవరికీ నమ్మకం లేదు.

అవ్వకు పాస్‌పోర్టు లేదు. అది లేనిదే వంతెన ఎక్కనివ్వనన్నాడు కాపలా అధికారి, పల్లపు ప్రాంతం నుంచి కొత్తగా వచ్చినవాడు. అత్త ఆయనతో వాదించలేదు. ఆయన గేటు ముందే గొంగడి పరుచుకుని ఉన్ని మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చేది, చీకటి పడ్డాక లేచేది. ఒక జత పూర్తయ్యేసరికి ఆయనే బయటికొచ్చి, ముసలావిణ్ణి తీసుకొచ్చుకోమన్నాడు. ఆ మేజోళ్ళు ఆయనకే ఇచ్చింది, మర్యాద తెలిసిన మనిషి కదా.

ఇక రోజు కుదుర్చుకోవాలి. అవతలి నుంచి వచ్చే బేరగాళ్ళ చేత కబురు పంపుదామన్నాను, నెల పేరూ తేదీ చెప్పి. అవ్వ ఒప్పుకోలేదు. అక్కకు నెలలు తెలియవని, పుట్టింటి లెక్కే చెప్పాలని మంకుపట్టు పట్టింది. ఆ లెక్క మా కొండల్లో పాతది. వసంతం ముందు సూర్యుడు మనిషి అరికాల్లో అడుగుపెడతాడు. ఊరి బండ మీద తొలి ఎండ పడిన రోజు అది. అక్కణ్ణించి మోకాలు, నడుము, గుండె అంటూ పైకి ఎక్కుతాడు, దుక్కులూ విత్తనాలూ దాన్నిబట్టే. సూర్యుడు మోకాలికి వచ్చిన శనివారం కలుద్దామని కబురు వెళ్ళింది.

ఆ శనివారం నా జీపులో వెళ్ళాం. వంతెన మీదకు బండి రానివ్వరు. అత్త తల్లిని వీపున కట్టుకుని లంకలోకి నడిచింది. అవ్వ ఒళ్ళో పుట్టింటి చెట్టు ఎండు మల్బరీ పళ్ళు మూటగట్టి ఉన్నాయి. సంత ముగిసేదాకా కూర్చున్నాం, ఎవరూ రాలేదు. చివరికి అవతలి గట్టు టీ అమ్మే ఆయన చెప్పాడు, రెండు వారాల కిందట ఒక ముసలావిడ గాడిద మీద వచ్చి, వర్షిద్ వాళ్ళు వచ్చారా అని అందర్నీ అడిగి, ఏడ్చుకుంటూ పోయిందని.

అవ్వకు ఒళ్ళు మండింది. అత్తింటికి పోయి పుట్టింటి లెక్క కూడా మరిచిపోయిందని, ఇక తాను రానని మొహం తిప్పేసుకుంది. నేనూ ఊరుకోకుండా, ఇంతటితో వదిలెయ్యమన్నాను.

"నువ్వు బండి తోలు చాలు, షోదీ. సలహాలు నేనడిగానా?" అంది అత్త. టీ ఆయన వైపు తిరిగి, "ఈసారి సూర్యుడూ వద్దు, చంద్రుడూ వద్దు. వచ్చే శనివారం అని చెప్పు. రాకపోతే ఆ పై శనివారం కూడా ఇక్కడే ఉంటామని చెప్పు," అంది.

మళ్ళీ వెళ్ళాం. అవ్వ వీపు మీద తిడుతూనే ఉంది, అత్త వింటూనే నడిచింది. టీ కెటిల్ పక్కన ఎముకల గూడులా ఒకావిడ కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టలేదు. పేర్లు మేమే చెప్పాల్సివచ్చింది. కౌగిలించుకుంటారని చూస్తున్నాం.

"మోకాలికి రమ్మని నువ్వెందుకు రాలేదే?" అంది గులందామ్ అవ్వ.

"వచ్చాను. నువ్వే లెక్క తప్పావు. చిన్నప్పుడూ అంతే నువ్వు."

"నేను తప్పానా? పెళ్ళయిన తొలి వసంతంలో గట్టు మీద నిలబడి మనూరి వైపు చూశాను. మన తెల్లబండ మీద ఎండ పడ్డ రోజున మా ఇంటి కంతలోంచి ఎండ స్తంభం మీద ఎక్కడ పడిందో అక్కడ కత్తితో గాటు పెట్టాను. తర్వాత మోకాలికి, నడుముకీ పెట్టాను. ఇన్నేళ్ళూ ఆ గాట్లే చూస్తున్నాను. మా అత్తగారు నవ్వేది, ఈ ఊరి లెక్క చాలదా అని."

నాకు అప్పుడు వెలిగింది. తెల్లబండను రోడ్డు వేసేవాళ్ళు ఎప్పుడో పేల్చేశారు. పెద్దవాళ్ళు నీడపక్కన ఇంకో రాయి నిలబెట్టారు, దాని మీదికి ఎండ రెండు వారాలు ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యాన్నే మేమంతా తాతలనాటి లెక్క అనుకుని దున్నుకుంటున్నాం.

"మన బండ లేదక్కా," అంది సనోబర్ అవ్వ. "పగలగొట్టేశారు."

"మా ఇంట్లో ఉంది లేవే," అంది అక్క, చెల్లెలి చెయ్యి ఒళ్ళోకి లాక్కుని.

అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. నేను ఏడవలేదని చెబితే అబద్ధం. మల్బరీ పళ్ళ మూట విప్పి, పళ్ళు లేని నోళ్ళతో చప్పరిస్తూ కూర్చున్నారు, కాపలావాళ్ళు ఈలలు వేసేదాకా. లేచేముందు అత్త ఒక్కటే అడిగింది, ఈ రోజు పెద్దమ్మ స్తంభం మీద సూర్యుడు ఎక్కడున్నాడని. నడుము దగ్గరన్నది పెద్దమ్మ. మర్నాడు పొద్దున్నే అత్త తన ఇంటి స్తంభానికి ఎండ పడినచోట గాటు పెట్టింది.

సనోబర్ అవ్వ ఆ చలికాలం దాటలేదు. వసంతం వచ్చింది. ఊరి రాయి మీద చూస్తే సూర్యుడు ఇంకా మోకాలి దగ్గరే తచ్చాడుతున్నాడు. ఒక శనివారం తెల్లారేసరికి అత్త మల్బరీ పళ్ళ మూటతో నా గుమ్మంలో నిలబడింది.

"పెద్దమ్మ చూస్తుంటుంది. నడుముకొచ్చాడు, బండి తియ్యి."

రాయి మీద ఇంకా రాలేదు కదత్తా అనబోయాను. ఆవిడ మొహం చూసి, నోరు మూసుకుని బండి తీశాను.