రాకాసిగుడిలో పాము లేదు

మొన్న మా ఊరి చర్చి వార్షికోత్సవంలో, వాకాడు నుంచి వచ్చిన కుర్ర పాస్టరు గారు ఆ పాము కథే మళ్లీ చెప్పారు. కొత్త మందిరం పునాదికని పెద్దలు రాకాసిగుడి రాళ్లు పగలగొట్టించబోతే లోపలి నుంచి నాగుపాము పడగెత్తి లేచిందట, అన్యుల రాయి నా మందిరానికి వద్దని దేవుడే హెచ్చరించాడట. జనమంతా స్తోత్రం అన్నారు. నేను అనలేదు. ఆ పొద్దు నేనక్కడే ఉన్నాను. పాము లేదు, దాని కుబుసమూ లేదు. ఉన్నది మా పెద్దమ్మ.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, యాభైల చివర్లో సముద్రం వైపు పోయే ఇసుక దారిన సవకతోపు, అంటే సరుగుడుతోట, దాటితే ఎర్రమిట్ట, దాని మీదే రాకాసిగుడి: నాలుగు పక్కలా నిలబెట్టిన బండలు, పైన మూతలాగా మరో పెద్ద బండ, తూర్పు బండకు పసిబిడ్డ పట్టేంత గుండ్రటి కంత. పాండవులు కట్టారని కొందరు, రాక్షసులని కొందరు అనేవారు. తరువాత నెల్లూరు కాలేజీలో మా చరిత్ర లెక్చరరు గారు అది ఏనాటిదో సమాధి అనీ, ఆ కంత ఎందుకో ఎవరికీ తెలియదనీ సెలవిచ్చారు. ఎవరికీ అంటే ఎవరెవరిని అడిగారని లేచి వాదం పెట్టుకుంటే కూర్చోమన్నారు. కూర్చున్నాను గానీ ఒప్పుకోలేదు.

మగవాళ్లు భయంతో ఆ మిట్ట ఎక్కేవారు కారు. ఆడవాళ్లు మాత్రం పొయ్యిలోకి సవకాకు ఊడ్చుకొస్తామని గంపలు ఎత్తుకొని పోయేవారు. బాప్తిస్మం అందకముందే కన్నుమూసిన బిడ్డలకు మా సమాధులదొడ్డిలో ఆ రోజుల్లో చోటిచ్చేవారు కాదు. అట్లాంటి బిడ్డను పాత చీరపేలికలో చుట్టి, గంప అడుగున పెట్టి, పైన ఆకు కప్పి తీసుకుపోయి, ఆ కంతలోంచి లోపలి ఇసుకలో పడుకోబెట్టి వచ్చేవారు. ఆకు కోసం పోయే గంప నిండుగా పోయి ఖాళీగా వస్తున్నదేమని ఒక్క మగవాడికీ అనుమానం రాలేదు. పొయ్యి సంగతి వాళ్లకేం తెలుసు గనుక.

మా నాయన సంఘపెద్ద. రాళ్లు కొట్టేవాళ్లను పిలిపించి ఆయనే ముందు నడిచాడు, వేడుక చూద్దామని ఊరంతా వెంట పోయాం. అప్పటికే పెద్దమ్మ ఆ మూతబండ మీద కూర్చొని ఉంది. మొగుడు పోయాక మా ఇంట్లోనే ఉంటూ, నాయన ముందు గొంతెత్తి ఎరగని మనిషి. ఏం వదినా, రాకాసి పూనిందా అని ఆయన నవ్వితే అందరూ నవ్వారు.

"నా బిడ్డ ఈ బండ కింద ఉండాడబ్బయ్యా," అంది పెద్దమ్మ. "మీ దొడ్లో జానెడు చోటియ్యకపోతిరి. ఇప్పుడు వాడి నెత్తిన కప్పు కూడా నీకే కావాల్నా?"

గుంపులోంచి ఒకామె కొంగు బిగించుకొని పోయి పెద్దమ్మ పక్కన ఎక్కి కూర్చుంది, ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక మా అమ్మ. తమ ఇంటి మనిషి ఎందుకు ఎక్కిందో అర్థమైన మగవాళ్లు ఒక్కొక్కరే తల దించుకొని తోపు వైపు నడిచారు. మా నాయన గడ్డపారలు తిరిగి బండి ఎక్కించాడు.

ఇప్పుడు ఆ మిట్ట చుట్టూ ముళ్లకంచె, కంత ప్రయోజనం తెలియరాలేదని ఒక బోర్డు. సమాధులదొడ్డిలో ఆ ఏటి నుంచి ఏ బిడ్డకైనా చోటుంది, సంతోషమే. ఆ చోటు ఎవరు కూర్చొని సాధించారో చెప్పే నోళ్లే ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి, పాము మాత్రం ఏటేటా లావెక్కుతున్నది.

ఆ పామును పుట్టించింది మా నాయనే. తరువాతి ఆదివారం ఆరాధనలో, పక్కూరివాళ్లు రాళ్లేవని అడిగితే ఆయన చెప్పగా విన్నాను. ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న పెద్దమ్మ కూడా వింది, ఆనాడు గాని ఆ తరువాత గాని కాదనలేదు. ఇద్దరూ పోయారు. ఇంత చదివీ, ఇంతమందితో వాదించీ నాకు తేలనిది ఒక్కటే. ఆ అబద్ధంతో మా నాయన వదిన గుట్టు కాపాడాడా, తన పెద్దరికం కాపాడుకున్నాడా?